కోలీ డాక్టరు జ్వరం మందు: లెక్క తప్పితే నూరేండ్ల నష్టం

క్యాన్సర్ దవాఖానలల్ల ఇప్పుడు ఇమ్యునోథెరపీ అన్న మాట మస్తు వినబడుతున్నది. డాక్టరు ఆ పేరు చెప్తడు, ఇంటోళ్లు ఆశతోని తలూపుతరు, ధర తెలిసినంక కుర్చీలనే కూలబడ్తరు. ఇంకొందరికి ధర చెప్పరు, కాగితాల కట్ట చేతుల పెడ్తరు. కొత్త మందు మీద ట్రయల్ నడుస్తున్నది, చేరితే మందు ఉత్తగనే వస్తది, సంతకం పెట్టుమంటరు. అప్పుడు ఇంటిల్లిపాదికి ఒకటే బుగులు. మనల్ని ఎలుకల లెక్క వాడుకుంటరా? లేకుంటె ఇదే ఆఖరి తొవ్వనా?

ట్రయల్ అంటేనే మోసం అనేటోళ్లు మా ఉద్యమాలల్ల ఉన్నరు. ట్రయల్ అంటే వరం అని ఊదరగొట్టేటోళ్లు బయట ఉన్నరు. ఇద్దరిదీ తప్పే అంట నేను. ఎందుకు తప్పో చెప్పాల్నంటె నాకు ఒక డాక్టరు బతుకు కంటె మంచి పాఠం దొరకలే. ఆయన పేరు విలియం కోలీ. మనిషి ఒంట్ల ఉన్న రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పొచ్చని నలభై ఏండ్లు పట్టువట్టిన సర్జన్. వైద్యం సదివినోళ్లు ఆయన్ని ఇమ్యునోథెరపీకి తండ్రి అంటరు. ట్రయల్ ఎందుకు కావాల్నో ఆయన బతుకుల ఉన్నది. ట్రయల్ సక్కగ చెయ్యకుంటె ఎంత పోతదో కూడ అండ్లనే ఉన్నది.

పదిహేడేండ్ల పిల్ల సావు

కోలీ 1862 జనవరి 12న అమెరికల కనెక్టికట్ రాష్ట్రంల పుట్టిండు. యేల్ యూనివర్సిటీల సదివి, ఒరెగాన్‌కు పోయి రెండేండ్లు పంతులు కొలువు చేసిండు. మల్ల వెనుకకు వచ్చి హార్వర్డ్‌ల డాక్టరీ సదివిండు. 1888ల పట్టా చేతికొచ్చింది. న్యూయార్క్ హాస్పిటల్‌ల సర్జరీ పని నేర్సుకున్నడు. 1890ల సొంతంగ ప్రాక్టీసు షురూ చేసేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేండ్లు. అప్పట్ల క్యాన్సర్‌కు సర్జన్ల కాడ ఉన్న మందు ఒక్కటే, కత్తి. ఎక్స్‌రేలు ఇంకా పుట్టలే, రేడియం దొరకలే, కీమో అన్న మాట లేదు.

ఆ ఏడాదే ఆయన కాడికి బెస్సీ డాషియల్ అనే పదిహేడేండ్ల పిల్ల వచ్చింది. రైలు ప్రయాణంల సీట్ల నడుమ ఇరికి చెయ్యి నలిగింది. చిన్న దెబ్బే గని నొప్పి తగ్గలే, వాపు పోలే. కోలీ ముందుగాల ఇన్ఫెక్షన్ అనుకున్నడు. తర్వాత ముక్క తీసి చూస్తే సార్కోమా అని తేలింది. అంటే ఎముకలకు, కండరాలకు వచ్చే క్యాన్సర్. నవంబర్‌ల మోచెయ్యి కిందికి చెయ్యి తీసేసిండు. అయినా క్యాన్సర్ ఆగలే, ఒళ్లంత పాకింది. 1891 జనవరి 23న ఆ పిల్ల పానం పోయింది.

బెస్సీ చమురు సామ్రాజ్యం కట్టిన రాక్‌ఫెల్లర్ కొడుకుకు దగ్గరి దోస్తు. అసోంటి దోస్తు ఉన్నా, పెద్ద సర్జన్ ఉన్నా బతకలే. ఆ సావు కోలీని నిద్రపోనియ్యలే. చేతనైనంత తొందరగ కోసినా ఎందుకు బతకలేదన్న ప్రశ్న ఆయన్ని వదల్లే. జవాబు కోసం న్యూయార్క్ హాస్పిటల్‌ల పాత రికార్డుల గదిలకు పోయిండు.

రికార్డుల దొరికిన మనిషి

ఆ రికార్డులల్ల సార్కోమా కేసులన్నీ ఒకటొకటి తిరగేసిండు. అన్నీ ఒకే తీరుగ ముగిసినయి. ఒక్కటి మాత్రం ఎదురు తిరిగింది. ఫ్రెడ్ స్టైన్ అని జర్మనీ నుంచి వలసొచ్చిన మనిషి. మెడ మీద గడ్డ. పలుమార్లు కోసిన్రు, కోసినప్పుడల్ల మళ్ల పెరిగింది. ఇగ ఆశ లేదనుకున్నరు. గా టైమ్‌ల ఆయనకు ఎరిసిపెలస్ అంటుకున్నది. అది స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి తోని వచ్చే చర్మపు రోగం. తోలు కాలినట్టు ఎర్రగైతది, వాస్తది, విపరీతంగ జ్వరమొస్తది. ఆ కాలంల దవాఖానలల్ల ఆపరేషన్ పుండ్లకు ఇది అంటుకొని ఎందరో చనిపోయేటోళ్లు. స్టైన్ మాత్రం బతికిండు. అంతేకాదు, జ్వరం వచ్చినప్పుడల్ల గడ్డ కరుగుకుంట పోయి ఆఖరికి మాయమైంది. ఇంటికి పంపిన్రు. తర్వాత ఏమాయెనో రికార్డుల లేదు.

కోలీ అక్కడితోని ఆగలే. మాన్‌హాటన్‌ల వలసొచ్చిన పేదోళ్లు ఉండే లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు ఇండ్లల్ల తిరిగి తిరిగి ఆ మనిషిని పట్టుకున్నడు. ఏడేండ్లు గడిచినా స్టైన్ బతికే ఉన్నడు. గడ్డ జాడ లేదు. మెడ మీద ఆపరేషన్ మచ్చ మాత్రం ఉన్నది.

నాకు కోలీల అన్నిటికన్న నచ్చే పని ఇదే. పెద్ద సర్జన్ ఒకడు పేదోని రికార్డు సదివిండు, పేదోని ఇంటి మెట్లెక్కిండు. దవాఖాన నుంచి బయటికి పోయినంక రోగి ఏమైండో తెలుసుకునుడు కూడ వైద్యమే అనుకున్నడు. ఇయ్యాల మన దవాఖానలల్ల ఫాలో-అప్ అనే మాట ఎంత అలుసైపోయిందో చూసినోళ్లకు దీని విలువ తెలుస్తది.

ఇటువంటి ముచ్చట్లు కోలీకి ముందుగాల కూడ యూరప్ డాక్టర్లు రాసిన్రు. రోగం అంటించి చూసినోళ్లు కూడ ఉన్నరు. గని దాన్ని బతుకంత పనిగ పెట్టుకున్నది కోలీ ఒక్కడే.

జోలా ఒంటి మీద

1891 మే నెలల జోలా అనే ఇటలీ వలసదారు ఆయన చేతికి వచ్చిండు. మెడల కోడిగుడ్డంత గడ్డ, గొంతుల ఇంకో గడ్డ. తినరాదు, మాట్లాడరాదు. ఇంక కొన్ని వారాలే అన్న లెక్కల ఉన్నడు. కోలీ బతికున్న స్ట్రెప్టోకాకస్‌ను సూది తోని ఆయన ఒంట్లకు ఎక్కించిండు. మొదట్ల సరైన జ్వరం రాలే. నెలలు గడిచినయి. జర్మనీల కాక్ ల్యాబ్ నుంచి బలమైన సూక్ష్మజీవులు తెప్పించి అక్టోబర్‌ల మళ్ల పొడిచిండు. ఈసారి జ్వరం 105 డిగ్రీలకు ఎక్కింది. జోలా సావు దాకా పోయిండు. రెండు వారాలల్ల మెడ మీద గడ్డ కరిగిపోయింది. ఆయన ఇంకా ఎనిమిదేండ్లు బతికిండు.

ఇక్కడ జర ఆగి సోచాయించాలె. అప్పట్ల ఒప్పంద పత్రం లేదు. ఎథిక్స్ కమిటీ లేదు. ప్రాణం తీసే రోగాన్ని కావాలని ఎక్కించుడు సరైనదా కాదా అని అడిగే నాథుడు లేడు. జోలాకు ఏం చెప్పిన్రో, ఏం అర్థమైందో ఏ కాగితం మీదా లేదు. ఆ తర్వాత చేసిన కేసులల్ల ఇద్దరు గా ఇన్ఫెక్షన్ తోనే చనిపోయిన్రు. ఇప్పుడు మనం ఇమ్యునోథెరపీ తండ్రి అని ఒక పేరే చెప్పుకుంటున్నం గని, ఆ జ్ఞానం పుట్టింది వలసొచ్చిన పేదోళ్ల ఒంటి మీద. ఎవలి ఒంటి మీద నేర్సుకున్నమో వాళ్ల పేర్లు కూడ యాదిల ఉంచుకోవాలె. అందుకే స్టైన్, జోలా పేర్లు ఇంత సాగదీసి చెప్తున్న.

సావులు చూసి కోలీ తొవ్వ మార్చిండు. బతికున్న సూక్ష్మజీవులను వదిలి, చంపిన సూక్ష్మజీవులతోని మందు తయారు చేసిండు. స్ట్రెప్టోకాకస్‌కు తోడు ఇంకో రకం సూక్ష్మజీవిని కలిపిండు. రోగం అంటదు, జ్వరం మాత్రం వస్తది. దీనికే కోలీ టాక్సిన్స్ అని పేరు పడ్డది. 1893 జనవరిల జాన్ ఫికెన్ అనే పదహారేండ్ల పిల్లగానికి ఈ మందు మొదలుపెట్టిండు. పొట్టల పెద్ద గడ్డ, కోసే వీలు లేదు. నెలల తరబడి సూదులు పొడిచిన్రు, నెలల తరబడి జ్వరాలొచ్చినయి. గడ్డ కరిగింది. ఆ పిల్లగాడు ఇంకో ఇరవై ఆరేండ్లు బతికి ఆఖరికి గుండెపోటుతోని పోయిండు, క్యాన్సర్‌తోని కాదు.

మందు ఒకటే, తయారీలు పదమూడు

1893లనే కోలీ పది కేసులతోని పత్రం అచ్చేసిండు. పేరు దేశదేశాలకు పాకింది. 1899 సంది పార్క్-డేవిస్ కంపెనీ ఈ మందు తయారు చేసి అమ్మింది. కోలీ తన జీవితంల వెయ్యి మందికి దాకా ఈ వైద్యం చేసిండంటరు. కొందరికి గడ్డలు నిజంగనే కరిగినయి, ఏండ్లకేండ్లు బతికిన్రు. చాలమందికి ఏమీ కాలే.

మరి ఇంత పేరొచ్చిన మందు ఎందుకు మూలకు పడ్డది?

ఒక కారణం లెక్క. కోలీ మందుకు పదమూడు తీర్ల తయారీలు ఉండేవి. ఒకటి బలంగ పనిచేస్తే ఇంకోటి నీళ్ల లెక్క. కొందరికి గడ్డలనే సూది, కొందరికి కండకు, కొందరికి నరానికి. ఒకరికి నెల, ఇంకొకరికి ఆర్నెల్లు. కొందరికి ముందే ఆపరేషన్ చేసిన్రు, కొందరికి ఎక్స్‌రే కూడ పెట్టిన్రు. అందరి సంగతి చివరిదాకా కనుక్కోలే. గిట్లుంటే గడ్డ కరిగింది మందు తోనా, ఇంకోదాని తోనా, అసలు అది క్యాన్సరేనా అని అడిగితే గట్టి జవాబు దొరకదు. వేరే డాక్టర్లు బలహీనమైన మందు కొని వాడి, పని చెయ్యలేదని పక్కకు పెట్టిన్రు. అమెరికా మెడికల్ అసోసియేషన్ పత్రిక 1894లనే దీన్ని కొట్టిపారేసింది.

రెండో కారణం పైసలు, పలుకుబడి. 1895ల ఎక్స్‌రే వచ్చింది, 1898ల రేడియం దొరికింది. రేడియేషన్ కొలువొచ్చు. మీట నొక్కితే ఎంత పడ్డదో తెలుస్తది. గనుల ఆసామి జేమ్స్ డగ్లస్ న్యూయార్క్‌ల మెమోరియల్ హాస్పిటల్‌కు పైసలిచ్చిండు, రేడియం ఇచ్చిండు. ఆ దవాఖానలనే కోలీ కూడ పనిచేసేటోడు. అక్కడ పెద్ద పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్, ఎముక క్యాన్సర్ ఒకటి ఆయన పేరు మీదనే ఉన్నది. ఆయన రేడియేషన్ దిక్కు నిలబడ్డడు, కోలీ మందును నమ్మలే. కోలీ కూడ ఎక్స్‌రేలు పెట్టి చూసిండు. ఉన్న గడ్డ తగ్గినా జబ్బు మళ్ల వస్తున్నదని తన మందునే పట్టుకొని ఉన్నడు.

ఎవలు కరెక్టు? ఇద్దరి కాడా కొంత నిజం ఉన్నది. కోలీ కండ్లతోని చూసింది నిజమే. యూయింగ్ అడిగిన రుజువు కూడ న్యాయమే. ఈ పంచాయితీ తేల్చే తరాజు ఆ రోజులల్ల లేదు. ఒకే తీరు రోగులను రెండు గుంపులు చేసి, ఎవరికే మందో చీటీ ఎత్తినట్టు నిర్ణయించి, ఒకే మోతాదు ఇచ్చి, చివరిదాకా లెక్క రాసుడు అన్న పద్ధతి లోకానికి తెలిసింది 1948ల, బ్రిటన్‌ల టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ మీద చేసిన ట్రయల్‌తోని. కోలీ దానికి పన్నెండేండ్ల ముందే, 1936 ఏప్రిల్ 16న చనిపోయిండు.

నేను ట్రయల్‌ను తిట్టనిది ఇందుకే. సక్కని ట్రయల్ లేకపోతే నిజమైన మందు కూడ అబద్ధం లెక్క పోతది, అబద్ధపు మందు నిజం లెక్క అమ్ముడుపోతది. రెండింట్ల సచ్చేది రోగే.

డిగ్రీ లేని బిడ్డ పని

కోలీ పోయినంక ఆయన బిడ్డ హెలెన్ కోలీ నాట్స్ నాయిన కాగితాలు తిరగేసింది. ఆమె డాక్టరు కాదు, సైంటిస్టు కాదు. నా లెక్కనే సొంతంగ సదువుకున్న మనిషి. వందల కేసులు ఒకటొకటి తీసి, ఎవరికి ఏ తయారీ పొడిచిన్రు, ఎన్ని రోజులు, జ్వరం ఎంత, రోగి ఎన్నేండ్లు బతికిండు అని ఏండ్ల తరబడి రాసుకున్నది. నాయిన చెయ్యని లెక్క బిడ్డ చేసింది. పెద్ద పెద్ద డాక్టర్లు మొదట్ల ఆమెను పట్టించుకోలే. అయినా వెనక్కి తగ్గలే. 1953ల న్యూయార్క్‌ల క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. దానికి మొదటి విరాళం రాక్‌ఫెల్లర్ కుటుంబం నుంచే వచ్చింది.

ఆ నడిమిట్ల మందుకు తలుపులు మూసుకపోయినయి. థాలిడోమైడ్ గోళీలతోని పిల్లలు అవిటిగ పుట్టిన ఘోరం తర్వాత 1962ల అమెరికల మందుల చట్టం బిగించిన్రు. 1963ల అక్కడి మందుల శాఖ కోలీ టాక్సిన్స్‌ను రుజువు కాని కొత్త మందుగ లెక్కగట్టింది. అంటే ట్రయల్ లేకుంట వాడరాదు. డెబ్బై ఏండ్లు వాడిన మందు కొత్త మందైంది! నవ్వొస్తది గని చట్టం తప్పు లేదు. డెబ్బై ఏండ్ల లెక్క సరిగ లేదు మరి.

మందు పోయినా ఆలోచన సావలే. హెలెన్ సంస్థల తర్వాత పెద్ద దిక్కైన లాయిడ్ ఓల్డ్ 1959లనే బీసీజీ సూది తోని ఎలుకలల్ల గడ్డలు తగ్గుతున్నయని చూపిండు. బీసీజీ అంటే మనందరి భుజం మీద మచ్చ చేసిన టీబీ టీకానే. 1976ల అల్వారో మొరాలెస్ అనే డాక్టరు దాన్ని మూత్రాశయ క్యాన్సర్‌కు వాడి ఫలితం చూపిండు. 1990ల అమెరికల అనుమతి దొరికింది. ఇయ్యాలటికీ లోకమంత వాడుతున్నరు. సూక్ష్మజీవిని చూపించి శరీరాన్ని లేపుడు అన్న కోలీ మాట ఆ రకంగ నిలిచింది.

బ్రేకు తీసే మందులు

కోలీకి తెల్వంది ఏంటిదంటె, గడ్డను తిన్నది ఎవలు అన్నది. మన రక్తంల టీ కణాలని ఉంటయి. ఊరికి కావలికాసేటోళ్ల లెక్క. బయటోడొస్తే కొడ్తయి. క్యాన్సర్ బయటోడు కాదు, మన ఇంట్ల పుట్టినోడే దారి తప్పిండు. కావలోళ్లు మనోళ్లనే కొట్టకుంట వాళ్లకు బ్రేకులుంటయి. క్యాన్సర్ మాయలమారి, ఆ బ్రేకులనే తొక్కి పట్టి తప్పించుకుంటది. అమెరికల జేమ్స్ అలిసన్, జపాన్‌ల తసుకు హోంజో ఈ బ్రేకుల గుట్టు విప్పిన్రు. 2018ల ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

బ్రేకు తీసే మొదటి మందు ఇపిలిముమాబ్. పాకిపోయిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 676 మంది మీద ట్రయల్ చేసిన్రు. మందు లేని గుంపుల సగం మంది 6.4 నెలలు దాటి బతికిన్రు, మందున్న గుంపుల సగం మంది 10 నెలలు దాటి బతికిన్రు. వినడానికి తక్కువనే. గని ఆ మందు తీసుకున్నోళ్లల్ల ఐదుగురిల ఒకరు మూడేండ్లు దాటి నిలబడ్డరని తర్వాత లెక్కలల్ల తేలింది. కోలీ కొందరిల చూసిన అద్భుతమే ఇది. తేడా ఒక్కటే, ఈసారి తరాజు ఉన్నది. 2011ల అనుమతి వచ్చింది. తర్వాత పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వచ్చినయి.

అందరికీ పనిచేస్తయని కాదు. బ్రేకు తీస్తే కావలోళ్లు సొంత ఇంటినీ కొట్టొచ్చు. పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్ దెబ్బతింటయి. 2006 మార్చిల లండన్‌ల టీ కణాలను రెచ్చగొట్టే టీజీఎన్1412 అనే మందును మొదటిసారి మనుషులకు ఇచ్చిన్రు. మంచిగున్న ఆరుగురు వాలంటీర్లు గంటన్నర తిరక్కముందే కూలిపోయిన్రు. కోతులకు హాని చెయ్యని మోతాదుల ఐదు వందల వంతే ఇచ్చినా గట్లైంది. అందరూ బతికిన్రు గని ఒకాయన కాలివేళ్లు, చేతివేళ్ల కొసలు పోగొట్టుకున్నడు. ఒకరికిచ్చి ఆగి చూడకుంట, వెంటవెంటనే ఆరుగురికి ఇచ్చుడు అక్కడ జరిగిన తప్పు. ఆ తర్వాతనే మొదటి మోతాదుల మీద నిబంధనలు బిగించిన్రు. ప్రతి నిబంధన వెనుక ఎవలదో ఒకల ఒళ్లు ఉంటది.

ఇంకో మాట. ఈ కథ సదివి జ్వరమొస్తే క్యాన్సర్ పోతదని ఎవలన్న మందులు మానేరు, ఖబర్దార్. కోలీ కథ నేర్పేది దానికి ఉల్టా.

మన ఖమ్మం ముచ్చట

ఇదంత అమెరికా కథ అనుకోకున్రి. 2009 జూలైల అప్పటి ఖమ్మం జిల్లాల, భద్రాచలం దిక్కు మండలాలు కలుపుకొని, పదేండ్ల నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలు వేల మందికి హెచ్‌పీవీ టీకాలు పొడిచిన్రు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ మీద రోగనిరోధక శక్తిని తయారు చేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర సర్కారు కలిసి చేసిన్రు. గుజరాత్‌ల కూడ చేసిన్రు. పేరు ట్రయల్ కాదు, ప్రదర్శన ప్రాజెక్టు. పొడిపిచ్చుకున్నోళ్లల్ల ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు మస్తుగున్నరు. రెండు రాష్ట్రాలల్ల కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయినంక 2010 ఏప్రిల్‌ల ఆపిన్రు.

ఆ సావులకు టీకాకు సంబంధం లేదని విచారణ కమిటీ అన్నది. హెచ్‌పీవీ టీకా మంచిదే. లోకమంత వేస్తున్నరు, మన ఆడపిల్లలకు అందాలె. గని నా లొల్లి టీకా మీద కాదు, సంతకం మీద. ఈ ప్రాజెక్టు మీద 2013ల పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం మన దిక్కు చూసిన 9,543 ఒప్పంద పత్రాలల్ల 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన్రు. 1,948 మీద వేలిముద్రలు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఎక్కడున్నరు? పిల్లలకు ఏమైతున్నదో చివరిదాకా చూసే ఏర్పాటు కూడ సక్కగ లేదని ఆ సంఘమే తేల్చింది. 1891ల జోలాకు చెప్పలేదంటె కాలం గట్లున్నది అనొచ్చు. 2009ల కోయ పిల్లకు, ఆమె తల్లికి చెప్పకపోవుడుకు ఏ కాలాన్ని అడ్డం పెడ్తం? మంచి టీకా మీద కూడ జనానికి అనుమానం పుట్టిందంటే అది వాట్సాప్ తప్పు మాత్రమే కాదు, గా సంతకాల తప్పు కూడ.

సంతకానికి ముందు

సుప్రీంకోర్టుల కేసులు, జనం లొల్లి తర్వాత నిబంధనలు మారినయి. ఇప్పుడు నడిచేది 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. అండ్లున్న హక్కులు అందరికీ తెల్వాలె. కాగితం మనకు అర్థమయ్యే భాషల ఉండాలె, ఒక నకలు మన చేతికి ఇయ్యాలె. సదువురానోళ్లకు సదివి చెప్పేటప్పుడు దవాఖానకు సంబంధం లేని సాక్షి ఉండాలె. ఏ రోజైనా బయటికి రావొచ్చు, వచ్చినందుకు మామూలు వైద్యం ఆపొద్దు. ట్రయల్‌తోని ఒంటికి దెబ్బ తగిలితే వైద్యం ఉత్తగనే చెయ్యాలె, నష్టపరిహారం ఇయ్యాలె. ప్రతి ట్రయల్‌కు జాతీయ రిజిస్ట్రీల నంబర్ ఉండాలె. ఎథిక్స్ కమిటీ ఉండాలె, అండ్ల సగం మంది బయటోళ్లు ఉండాలె.

మనం అడగాల్సినయి ఇంకొన్ని ఉన్నయి. ఇది ఎన్నో దశ ట్రయల్? మొదటి దశ అంటే ఎంత మోతాదు ఒళ్లు తట్టుకుంటదో చూస్తరు, రోగం తగ్గుతదన్న భరోసా ఉండదు. మూడో దశ అంటే ఇప్పుడున్న వైద్యంతోని పోల్చి చూస్తరు. నాకు కొత్త మందే వస్తదా, పాతదా? ట్రయల్ అయిపోయి మందు నాకు పనిచేస్తే, రేపటి సంది దాన్ని ఎవలిస్తరు? ఈ ఆఖరి ప్రశ్న చాలమంది అడగరు. వేరే దిక్కు లేకుంట ఆ మందే పనిచేస్తే ట్రయల్ తర్వాత కూడ ఉత్తగ ఇచ్చే తొవ్వ నియమాలల్ల ఉన్నది. అడిగితేనే ఆ తొవ్వ తెరుసుకుంటది.

ఎవలి కోసం ట్రయల్

మన దేశంలనే ఒక ట్రయల్ నాకు ధైర్యమిస్తది. గుట్కా, పొగాకుతోని నోటి క్యాన్సర్లు మన దిక్కు ఎంతమందిని తింటున్నయో చెప్పాల్సిన పని లేదు. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్లు ఉన్న 151 మంది మీద ట్రయల్ చేసిన్రు. నివోలుమాబ్ మామూలు మోతాదు 240 మిల్లీగ్రాములు. వీళ్లు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చిన్రు, తక్కువ ధర గోళీలకు తోడుగ. గోళీలే మింగిన గుంపుల ఏడాది దాటి బతికినోళ్లు నూటికి 16 మంది. గీ చిన్న మోతాదు కలిపిన గుంపుల నూటికి 43 మంది. 2022ల ఈ ఫలితం అచ్చైంది.

ఆ గోళీలల్ల ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంల పుట్టి అమెరికల లెడర్లే ల్యాబ్‌ల పనిచేసిన మన యెల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారు చేసిన మందు. సుబ్బారావు పోయి డెబ్బై ఏండ్లు దాటినా ఆ గోళీ పేదోళ్ల చేతికి అందుతున్నది. కోలీ తొవ్వల పుట్టిన మందు, సుబ్బారావు మందు ఒకే రోగి ఒంట్ల కలిసినయి. ఇసోంటి కలయిక కంపెనీల లెక్కల పుట్టదు. పన్నెండో వంతు మందు చాలు అని రుజువు చేసే ట్రయల్‌కు మందు అమ్మేటోడు పైసలెందుకు పెడ్తడు? సర్కారు దవాఖాన, సర్కారు పైసలు ఉంటెనే అది అయితది. 2023ల అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 అనే కణ చికిత్స కూడ ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ చేతుల పెరిగినదే. అమెరికా ధరల పదో వంతుకు వస్తున్నదని చెప్తున్నరు. ఆ పదో వంతు కూడ మన కూలోనికి ఆకాశమే, అది వేరే కొట్లాట.

అందుకే నేను అడిగేది ట్రయల్స్ ఆపుమని కాదు. హైదరాబాద్ ఎంఎన్‌జే అసోంటి సర్కారు క్యాన్సర్ దవాఖానలల్ల మన రోగాల మీద, మన జేబుకు తగ్గ మోతాదుల మీద ఇంకా ఎక్కువ ట్రయల్స్ కావాలె. వాటికి సర్కారే పైసలు పెట్టాలె. ఒప్పంద పత్రం తెలుగుల, కోయల, గోండిల, ఉర్దూల, లంబాడీల, రోగి మాట్లాడే మాటల ఉండాలె. ఫలితం మంచిదైనా చెడ్డదైనా అచ్చెయ్యాలె. పనిచేసిన మందు, ఏ జిల్లా రోగుల మీద పరీక్షించిన్రో ఆ జిల్లా దవాఖానకు అందాలె.

కోలీ మంచోడే, కష్టజీవే. ఒక్కడు ఎంత మంచోడైనా ఒక్కని నమ్మకం మీద వైద్యం నిలవదని ఆయన బతుకే చెప్తున్నది. లెక్క కావాలె, ఆ లెక్క జనం ముంగట ఉండాలె. ఒళ్లు ఇచ్చినోనికి మందు అందాలె. ఈ మూడూ లేని ట్రయల్‌కు సంతకం పెట్టుమని నేను ఎవలికీ చెప్ప. మూడూ ఉన్న ట్రయల్‌ను బద్నాం చేస్తే మాత్రం ఊకుండ.